ఒకటింపావు

గోబింద సాహు పాత ఇనుప కొట్టులో
చచ్చిన స్టెబిలైజరు పొట్ట విప్పితే
ట్రాన్స్‌ఫార్మరు కనబడింది,
పనసకాయ కోస్తే బయటపడ్డ తొనలా
తేనెరంగు రాగితీగతో.
"పనిచేస్తుందా?"
"హెబ, హెబ" అన్నాడు.
పర్లాకిమిడిలో ఆ మాట గ్యారంటీ కార్డుతో సమానం,
అంటే ఏమీ లేనట్టే.
ఎనభై అన్నాడు, అరవైకి ఇచ్చాడు.

కొన్నవి: నాలుగు డయోడ్లు, బొటనవేలంత కెపాసిటరు,
మూడుకాళ్ళ రెగ్యులేటరు, ఒక పాటు, ఫ్యూజు.
మిగతావి ఇంట్లోవే.
నాబు టోపీ దండాసి మామ టేపురికార్డరుది,
వేలు తగిలిన చోట అంకెలు అరిగిపోయి ఉన్నాయి.
వేడి పీల్చడానికి కిటికీ అల్యూమినియం ముక్క.
పెట్టె, చెప్పకూడదు గాని,
తవిటమ్మ టిఫిను డబ్బా.

మూడో బెజ్జం పెడుతుంటే చూసేసింది.
"ఏటి సేస్తన్నావు?"
"కరెంటుకి కొళాయి."
"మన కొళాయిల నీళ్ళే నేవు" అంది.
అంటూనే టార్చి పట్టుకుంది.
టంకం పొగ ఆమె ముఖం మీదుగా పోయింది,
గుగ్గిలం వాసనేసింది.
ఇద్దరం ఒకేసారి దగ్గాం.

స్విచ్చి వేశాను.
మీటరు కదల్లేదు. నాబు తిప్పినా కదల్లేదు.
రెగ్యులేటరు మాత్రం వేలు కాల్చింది.
ఫ్యూజు చూశాను, డయోడ్లు చూశాను,
నన్ను నేను తప్ప అన్నీ చూశాను.

రాత్రి పదకొండింటికి తట్టింది.
ఇరవై ఏళ్ళుగా నా చేతికింద నడిచిన మూడుకాళ్ళది
ఎడమకాలితో తాగుతుంది, కుడికాలితో పోస్తుంది.
ఇది కుడికాలితో తాగుతుంది, నడిమికాలితో పోస్తుంది,
ఎడమకాలు ఊరికే మాట వింటుంది.
చూడ్డానికి కవలలు.
అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి కదా అని
ఒడియా బోర్డుని తెలుగులో చదివేసి
వేరే ఊరి బస్సెక్కినట్టయింది.

మర్నాడు ఇంకో పదిహేను రూపాయలు.
కాళ్ళు మార్చి కట్టాను.
నాబు తిప్పుతుంటే
రెండు, మూడున్నర, ఐదు, తొమ్మిది,
ఎక్కడ వదిలితే అక్కడ కూర్చుంది అంకె.
పదమూడు దాటాక కాస్త వణికింది.
వెనక్కి తిప్పాను. ఇంకా వెనక్కి.
ఒకటింపావు దగ్గర మొండికేసింది.
సున్నాకి రాదు.

తెలుసు నాకు, దాని పుట్టుకే అంత.
సున్నా కావాలంటే మైనస్ వోల్టు కావాలి,
దానికింకో తీగచుట్ట, ఇంకో వంద.
తవిటమ్మ ముఖం చూసి మానుకున్నాను.
అయినా కంట్లో నలుసులా ఉండిపోయింది,
పూర్తిగా ఆరని పొయ్యిని
ఇంట్లో పెట్టుకున్నట్టు.

సంతరోజు కొండ దిగొచ్చాడు సొంబారు శబర,
వెనక వాళ్ళమ్మ.
ఆమె జాకెట్టుకి గుచ్చిన అగ్గిపెట్టెంత చెవి మిషను.
వానలో తడిసి మూగబోయిందట,
సెల్లు మారిస్తే కూడా పలకలేదట.
మూత తీస్తే లోపలంతా పచ్చటి చిలుము.
గీకాను. ఎర్ర క్లిప్పు, నల్ల క్లిప్పు.
ఇంత చిన్న ప్రాణానికి ఎంత ఇవ్వాలో భయమేసి
నాబుని ఎడమకి చివరిదాకా తిప్పి
అప్పుడు స్విచ్చి వేశాను.

ఒకటింపావు.
కీచుమంది, గుడ్లోంచి అప్పుడే వచ్చిన పిల్లలా.
వెంట్రుకవాసి, వెంట్రుకవాసి
ఒకటిన్నరకి తెచ్చాను.
ఆమె చెవిలో పెట్టుకుంది.
గుణుపురం బస్సు హారను కొడితే ఉలిక్కిపడింది.
తర్వాత కళ్ళు చికిలించి, గోడవైపు చెవి పెట్టి,
సవర మాటలో ఏదో అంది.

సొంబారు నవ్వాపుకుని నాకు ఒడియాలో చెప్పాడు:
"ఈ ఇంట్లో ఎవరో ఎవర్నో తిడుతున్నారంటోంది."

లోపల తవిటమ్మ.
టిఫిను డబ్బా గురించే.
మూడోరోజు.